మిరపకాయల కమురు

"ఊరికే కూర్చునే బదులు ఇవి ఏరమంది అమ్మ," అంటూ ఆసెన్ చిక్కుడుగింజల సంచి తెచ్చి వెలిచ్కా ఒళ్ళో పెట్టాడు.

వెలిచ్కా తలనిండా తీగలున్నాయి. ఒక్కో తీగనూ మాడుకు జిగురుతో అంటించి, పైన తెల్లటి గుడ్డ చుట్టి, అన్నిటినీ కలిపి వెనక జడలా వేలాడదీసి, మంచం పక్కనున్న పెట్టెకు తగిలించారు. ఎదురుగా గోడ మీద కెమెరా ఒకటి ఆమెనే చూస్తూ ఉంటుంది. పజార్జిక్ దగ్గర చిన్న ఊరి నుంచి రాజధాని సోఫియాలోని ఈ పెద్దాసుపత్రికి ఆమె వచ్చింది ఎందుకంటే, తన మూర్ఛ తలలో ఏ మూల నుంచి పుడుతోందో డాక్టర్లు కనిపెట్టాలి. అది తెలిస్తే ఆ ముక్కను కోసి తీసేయొచ్చేమో చూస్తారు. అందుకని రోజూ మింగే మాత్రలు తగ్గించేసి, ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్ళూ ఏది రాకూడదని దణ్ణాలు పెట్టుకున్నారో, ఇక్కడ అందరూ దాని రాక కోసమే కూర్చున్నారు. అలాంటి మనిషి చేతులు కూడా ఖాళీగా ఉండకూడదని అత్త స్తోయ్నాకు తోచింది. ఆవిడ చెడ్డదేం కాదు. ఖాళీ చేతులు చూస్తే ఆవిడ ఊరుకోలేదు, ఆ చేతులు కోడలివైతే మరీను.

నర్సు ఇస్క్రా సంచిలో చెయ్యి పెట్టి కెలికి చూసింది. సూదులూ కత్తులూ లేవు కదా అని తృప్తిపడి, పళ్ళెం కూడా తనే తెచ్చిచ్చింది. పుచ్చుగింజలు ఒక పక్కకి, రాళ్ళు ఒక పక్కకి, మంచివి మధ్యలోకి. వెలిచ్కాకి నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. ఏ పనీ లేకుండా మంచం మీద కూర్చోవడం ఆమెకు రాదు. పెళ్ళయ్యాక పగటిపూట మంచం ఎక్కింది కాన్పుకి ఒకసారి, కింద పడి తల పగిలినప్పుడు ఒకసారి.

చేర్చుకున్న రోజునే ఇస్క్రా అన్నీ విడమరిచి చెప్పింది. మీటలు రెండున్నాయి. ఒకటి వెలిచ్కా చేతికి అందేట్టు మంచానికి కట్టారు. ఒంట్లో ఏదైనా తేడాగా అనిపించగానే దాన్ని నొక్కాలి. రెండోది తోడున్న మనిషికి. "ఆవిడ వేరేగా కనిపించగానే నొక్కండి. నేను పరిగెత్తుకొస్తాను. పేరడుగుతాను, ఎక్కడున్నారో అడుగుతాను, ఓ మాట చెప్పి గుర్తుపెట్టుకోమంటాను," అంది. వేరేగా అంటే ఎలాగని ఆసెన్ అడిగాడు. రోజూ ఉండేట్టు కాకుండా, అంది ఇస్క్రా. ఆసెన్ సరేనన్నాడు. పెళ్ళాం రోజూ ఎలా ఉంటుందో మొగుడికి తెలిసే ఉంటుందని ఆ పిల్ల అనుకుంది. ఆమెకింకా పెళ్ళి కాలేదు.

ఆసెన్‌ని చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. బస్సు డిపోలో మెకానిక్కు. తాగితే నిద్రపోతాడు తప్ప గొడవ చెయ్యడు. సెలవు పెట్టి మరీ వచ్చాడు, ఆ గట్టి కుర్చీలోనే పడుకుంటున్నాడు, నడుం పట్టేసిందని అంటూనే ఉన్నాడు. వెలిచ్కాకి పెద్ద ఫిట్స్ వస్తాయని అతనికి తెలుసు. ఏడాదికి రెండో మూడో వస్తాయి, కింద పడుతుంది, కొట్టుకుంటుంది, నాలుక కొరుక్కుంటుంది. వాళ్ళింట్లో దాని పేరు "పడటం". వెలిచ్కా పడింది అంటే అదే. పడనప్పుడు ఆమె బాగున్నట్టు లెక్క. పడనప్పుడు ఆమె చేసేవన్నీ వేరే ఖాతాలోకి పోయేవి. మతిమరుపు, మొండితనం, మొద్దుతనం.

అసలు సంగతి వాసన. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఉన్నట్టుండి ఒక కమురు వాసన వస్తుంది, మిరపకాయ తొక్క మాడిన వాసన. అది ముక్కులోకి రాగానే కడుపులోంచి ఏదో పైకి లేస్తుంది. ఆ తర్వాత కొంతసేపు ఆమె అక్కడ ఉండదు. పోయిందని కూడా తెలీదు. తేరుకునేసరికి చేతిలో పని చేతిలోనే ఉంటుంది, ఎదుటివాళ్ళ మొహాలు మాత్రం మారిపోయి ఉంటాయి. ఎందుకు మారాయో అడగడానికి భయం. అడిగితే, ఇంతసేపూ ఎక్కడున్నావని వాళ్ళు తిరిగి అడుగుతారు. అందుకని అందరి మొహాలూ చూసి, ఏం జరిగి ఉంటుందో ఊహించుకుని, దానికి తగ్గట్టు సర్దుకోవడం నేర్చుకుంది. నవ్వుతుంటే నవ్వేది. కోపంగా ఉంటే క్షమించమనేది.

ఈ వాసన సంగతి పెళ్ళైన కొత్తల్లో ఒకసారి అత్తతో అంది, ఎప్పుడూ ఏదో మాడినట్టుంటుంది నాకు, అని. స్తోయ్నా ఆ మాట తన వంటకు తగిలించుకుంది. "మా వంటలు మాడినవైతే మీ అమ్మ దగ్గరికెళ్ళి తినవే తల్లీ," అని వారం రోజులు సాధించింది. వెలిచ్కా మళ్ళీ ఆ మాటెత్తలేదు.

సెప్టెంబరు తప్ప తక్కిన నెలల్లో ఆ వాసన వస్తే అది తనదేనని ఆమెకు ఒక్కోసారి తెలిసిపోతుంది. వెంటనే స్టవ్ కట్టేసి గోడకానుకుంటుంది. సెప్టెంబరులోనే చిక్కంతా. సెప్టెంబరు వచ్చిందంటే వాళ్ళ ఊళ్ళో ప్రతి పెరట్లోనూ మిరపకాయలు కాలుతుంటాయి. కారంలేనివి, అరచేయంత ఉండేవి, ఎర్రగా నిగనిగలాడేవి. బస్తాలకొద్దీ కొని, కాల్చి, తొక్క వలిచి, చలికాలానికి సీసాల్లోకి ఎక్కించాలి. కొనడం మగవాళ్ళ పని, సంతలో రెండు కాయలు నొక్కి చూసి బేరమాడి తెచ్చి పెరట్లో పడేస్తారు. తక్కినదంతా ఆడవాళ్ళది. వేళ్ళు నల్లబడేదాకా వలుస్తూనే ఉండాలి. ఊరంతా అదే కమురు, బట్టల్లో అదే, జుట్టులో అదే. ఆ నెలంతా వెలిచ్కా తన ముక్కును తాను నమ్మలేదు.

కిందటి సెప్టెంబరులో పెరట్లో కరెంటు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వాసన వచ్చింది. వాసన రాక ఏం చేస్తుంది, పొయ్యి ముందుంటే. ఆ తర్వాత ముంజేయి తీసుకెళ్ళి కాలుతున్న పొయ్యి అంచు మీద ఆనించి అలాగే నిలబడిందట. స్తోయ్నా గుమ్మంలోంచి, "మాడుతున్నాయే, చూసుకో," అని కేకేసిందట. మాడుతున్నవి మిరపకాయలు కావు. పజార్జిక్‌లో చెయ్యికి కట్టుకట్టిన డాక్టరు, ఇంత కాలుతుంటే చెయ్యి వెనక్కి తీసుకోలేదేమని అడిగాడు. ఆసెనే జవాబు చెప్పాడు, "పరధ్యానమండీ, ముందునుంచీ అంతే." ఆ డాక్టరు అతని మాట వినకుండా వెలిచ్కా మొహంలోకి చాలాసేపు చూసి, సోఫియాకు చీటీ రాశాడు.

ఇప్పుడు ఫిబ్రవరి. మూడో రోజు పొద్దున్నే ఆసెన్ చొక్కాలు మడిచి సంచిలో పెట్టుకోవడం మొదలెట్టాడు. ఇన్ని రోజులు కూర్చున్నా ఒక్కటీ రాలేదని, మాత్రలు తగ్గించినా రాలేదంటే నయమైపోయినట్టేనని, ఇంకా ఇక్కడ కూర్చోవడం డిపోవాళ్ళకీ తనకీ దండగని అన్నాడు. వెలిచ్కా ఈ మంచం దొరకడానికి శరదృతువంతా ఎదురుచూసింది. ఇప్పుడు దిగిపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు, ఈలోగా ఇంకో సెప్టెంబరు వస్తుంది. కానీ ఈ మూడు రోజుల్లో వాసన వచ్చినట్టు గుర్తులేదు, రాలేదంటే ఆమెకూ రాలేదనే అనిపించింది. వచ్చి ఉంటే మొగుడు చెప్పడా? కళ్ళెదుటే కూర్చున్న మనిషి అతనేగా.

అప్పుడే డాక్టర్ గంచెవా లోపలికొచ్చింది. పెద్దావిడ, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుంటుంది, ఒక చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన కాఫీ. చంకలో కంప్యూటర్ పెట్టుకొచ్చింది. సర్దిన సంచీ చూసి ఎక్కడికని అడిగింది. ఏమీ రాలేదు కదండీ, ఇంటికి, అన్నాడు ఆసెన్.

"రాకపోవడమేంటి?" అందావిడ. "నిన్న సాయంత్రానికే ఐదొచ్చాయి. రాత్రి కూర్చుని అన్నీ చూశాను."

ఆసెన్ నవ్వాడు. తను కుర్చీ దిగలేదని, సిగరెట్టుకు కూడా ఆవిడ నిద్రపోయినప్పుడే వెళ్ళానని, వస్తే తనకు తెలీకుండా ఎలా ఉంటుందని అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. గంచెవా కంప్యూటర్ తెచ్చి మంచం మీద బల్లపైన పెట్టి, ఇద్దరికీ కనపడేట్టు తిప్పింది.

తెరమీద ఇదే గది. మంచం మీద తలకు గుడ్డ చుట్టుకున్న ఆడమనిషి గింజలు ఏరుకుంటోంది. కుర్చీలో మగమనిషి ఫోను చూసుకుంటున్నాడు. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ ఆడమనిషి తలెత్తి గాలి వాసన చూసింది.

"ఆసెన్, మిరపకాయలు మాడుతున్నాయి," అంది.

"మాడనీ," అన్నాడు అతను, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆమె మొహం ఖాళీ అయిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. పళ్ళెం ఒళ్ళోంచి జారి పక్కకి పోయింది. చేతులు మాత్రం ఆగలేదు. వేళ్ళ కొసలతో దుప్పటిని పట్టుకుని సన్నగా లాగుతూ, వదులుతూ, మళ్ళీ పట్టుకుని లాగుతూ, ఏదో తొక్క వలుస్తున్నట్టు. ఎంతో నేర్పుగా, ఎంతో శ్రద్ధగా. కుర్చీలోని మగమనిషి మంచినీళ్ళు ఇటివ్వమన్నాడు. ఆమె వలుస్తూనే ఉంది. "వెలిచ్కా, నీకే చెప్పేది," అన్నాడు. జవాబు లేదు. అతను తలెత్తి ఒకసారి చూశాడు, ఆమె వంకే చూశాడు, "మొదలెట్టావూ, సరే," అని విసుక్కుంటూ లేచి తనే నీళ్ళు తీసుకుని, మళ్ళీ కూర్చుని ఫోను చూసుకున్నాడు. మీట అతని మోకాలి పక్కనే ఉంది. కాసేపటికి తెరమీది ఆడమనిషి కళ్ళు కదిలాయి. చుట్టూ చూసింది. అతని మొహం చూసింది. పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఏం చేసిందో తెలీని తప్పుకు క్షమించమన్నట్టు ఒక చిన్న నవ్వు నవ్వి, మళ్ళీ గింజలు ఏరసాగింది.

గంచెవా అక్కడ ఆపింది. మిగతావీ ఇలాగే ఉన్నాయని, ప్రతిసారీ ఆవిడ ముందుగా చెప్తూనే ఉందని అంది.

"ఇందులో ఈవిడ ఏం చేస్తోందనుకున్నారు మీరు?" అని ఆసెన్‌ని అడిగింది.

"గింజలు ఏరుతోంది."

"గింజలు ఎక్కడున్నాయి?"

ఆసెన్ తెరకు దగ్గరగా వంగి చూశాడు. పళ్ళెం ఎక్కడో ఉంది, చేతులు ఎక్కడో ఉన్నాయి. "అది జబ్బు కాదండీ," అన్నాడు. "అది ఆమె అలవాటు. చేతులూరుకోవు. ఇంటి దగ్గరా అంతే, రోజూ అలాగే ఉంటుంది."

"రోజూనా?"

"రోజూ," అన్నాడు ఆసెన్. అన్న తర్వాత అతనికి ఆ మాట వినబడినట్టుంది.

గంచెవా ఇక అతనితో మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని వెలిచ్కా పక్కన కూర్చుంది. ఐదూ ఒకే చోట పుట్టాయని, కుడి చెవికి పైన, లోపలగా, చిన్నప్పుడు ఎప్పుడో జ్వరంలో పడిన మచ్చ ఒకటి ఉందని, తలకు తీసిన ఫోటోల్లోనూ అదే కనబడుతోందని చెప్పింది. తీయాల్సింది అక్రోటుకాయకు కాస్త పెద్ద ముక్క. డాక్టర్లందరూ కూర్చుని మాట్లాడుకోవాలి కానీ తన ఉద్దేశంలో ఆపరేషన్ చెయ్యొచ్చు. చాలామందికి ఫిట్స్ ఆగిపోతాయి. ఆగకపోవడమూ ఉంది, అప్పుడు మాత్రలు మామూలే. కొన్ని జ్ఞాపకాలు మసకబారొచ్చు, తెలిసిన ముఖాల పేర్లు వెతుక్కోవలసి రావచ్చు. ఏదీ దాచకుండా చెప్పింది. మా అమ్మతో ఒకసారి మాట్లాడాలండీ, అన్నాడు ఆసెన్. "మాట్లాడండి. తల మాత్రం ఆవిడది కాదు కదా," అని, సాయంత్రం వచ్చి వెలిచ్కా మాటే వింటానని చెప్పి గంచెవా వెళ్ళిపోయింది.

ఆసెన్ ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. వెలిచ్కా ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. తెరమీది ఆ ఆడమనిషి మీద ఆమెకు చాలా జాలేసింది. తన మీద తను జాలిపడటం సిగ్గుమాలిన పనని నమ్మి పెరిగిన మనిషి, కానీ ఆ తెరమీదున్నది వేరెవరో అన్నట్టుంది కాబట్టి ధైర్యంగా జాలిపడింది. పాపం, చెప్తూనే ఉంది. ఐదుసార్లూ చెప్పింది. ఇక్కడే ఐదుసార్లు చెప్పిందంటే ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది? చెప్పినట్టు తనకు గుర్తుండదు. విన్నట్టు వాళ్ళకు గుర్తుండదు. అత్తతో అన్న ఆ ఒక్కసారే అనుకుంది తను, తర్వాత నోరు మూసుకున్నాననుకుంది. నోరు మూసుకోలేదు. ఎవరూ "మాడనీ" తప్ప ఇంకో మాట అనలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి ఎదుట నిలబడసాగాయి. కుట్టు కర్మాగారంలో కాలర్లు కుట్టేటప్పుడు కుట్టు పక్కకి పోయిందని మేస్త్రీ మెషిన్ మీద నుంచి లేపేసి, దారప్పోగులు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "కలలు ఇంటి దగ్గర కనమ్మా," అన్నాడు. నిజమే కాబోలు, తనకు పని మీద మనసు లేదు కాబోలు అనుకుంది. ఆసెన్ పేరుపండగ నాడు, అంటే ఆ పేరున్నవాళ్ళంతా పుట్టినరోజులా చేసుకునే రోజున, ఇంటినిండా చుట్టాలు, వైన్ తెమ్మంటే సీసా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "మా ఇంట్లో ఓ రేడియో ఉంది, కరెంటున్నప్పుడే పలుకుతుంది," అన్నాడు ఆసెన్. అందరూ పడి పడి నవ్వారు. ఆమె తేరుకునేసరికి అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె పేరు రేడియో. తోటికోడళ్ళూ అదే పిలుపు, చివరికి కడుపున పుట్టిన బిలియానా కూడా చిన్నప్పుడు ముద్దుగా రేడియోమ్మా అనేది. ఆ పేరు ఎందుకొచ్చిందో వెలిచ్కాకి ఈ రోజుదాకా తెలీదు, తను ఎక్కువ వాగుతానేమో అనుకుంది. అందుకని మాటలు తగ్గించుకుంది.

ఇంకోటి ఉంది. దాన్ని తల్చుకోకూడదని తల్చుకోకుండా బతికింది. మామగారు పోయిన ఏడు, వంటింట్లో, బల్ల మీద పిండి. తనకు గుర్తున్నది పిండి చల్లడం. తర్వాత గుర్తున్నది ఎడమ చెంప మండటం. ఎదురుగా ఆసెన్, చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. గుమ్మంలో అత్త. మొగుడు ఎన్నడూ చెయ్యి ఎత్తని మనిషి, అలాంటివాడు ఎత్తాడంటే తను నోటితో ఏం కూసి ఉంటుంది? పోయిన మామగారినేమైనా అందా? వెలిచ్కా ఆ రోజు అతని కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని ఏడ్చింది. దేనికో తెలీకుండా ఏడ్చింది. అతను క్షమించాడు కూడా. ఆ క్షమాపణకు కృతజ్ఞతతో ఎన్నో ఏళ్ళు గడిపింది. పిలవకముందే లేచేది, అడక్కముందే అందించేది.

ఇప్పుడు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆలస్యంగా వచ్చిన కోపం, ఎక్కడ కూర్చోవాలో కూడా దానికి తెలీలేదు.

అయితే తనతో తను అబద్ధమాడుకోవడం వెలిచ్కాకి చాతకాదు. ఆ మౌనాలన్నీ జబ్బువి కావు. కొన్ని తనవి. అది ఎప్పుడు మొదలైందో తెలీదు కానీ, పలక్కపోతే వాళ్ళు "మళ్ళీ మొదలెట్టింది" అని విసుక్కుని కాసేపు వదిలేస్తారని ఎప్పుడో కనిపెట్టింది. ఎప్పుడైనా, మరీ అలిసిపోయినప్పుడు, వంటింటి కిటికీ దగ్గర నిలబడి రేగుచెట్టు మీది పిట్టల్ని చూస్తూ, అత్త పిలుస్తున్నా, ఆసెన్ పిలుస్తున్నా, వినబడుతూనే ఉన్నా, పలికేది కాదు. కాసేపే. దొంగతనంలా గుండె కొట్టుకునేది. ఈ పెళ్ళిలో ఆమెకు సొంతంగా దొరికిన సమయమంటూ ఉంటే అదొక్కటే, దాన్ని కూడా జబ్బు పేరు చెప్పి తీసుకుంది. ఆ అక్రోటుకాయంత ముక్క కోసి తీసేస్తే, దాని వెనక దాక్కోవడానికి చోటుండదు. ఏ మాటకైనా పలకాలి. డాక్టరు చెప్పిన ఏ భయం కన్నా ఇదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆ భయం చూసుకుని ఆమెకు మళ్ళీ ఏడుపొచ్చింది. జబ్బు తగ్గితే ఆరాం ఎక్కడ దొరుకుతుందా అని దిగులుపడే బతుకు ఇంకెవరికైనా ఉంటుందా అనుకుంది.

ఆసెన్ వసారాలోంచి వచ్చాడు. అమ్మ వద్దంటోందని చెప్పాడు. తల తెరిచాక మనిషి మునుపటి మనిషవుతుందా అని అడుగుతోందట. ఈస్టర్‌కి బిలియానా, చుట్టాలూ వస్తారు, అప్పటికి లేచి తిరుగుతుందో లేదో డాక్టర్ని అడగమందట. ఇన్నేళ్ళు దీంతోనే నడిచింది కదా, నడవనీ అందట. చెప్తున్నంతసేపూ వెలిచ్కా మొహంలోకి చూడలేదు.

"మీ నాన్న పోయిన ఏడు నన్నెందుకు కొట్టావు?" అని అడిగింది వెలిచ్కా.

"ఏంటిప్పుడు ఆ గొడవ."

"చెప్పు. నేనేమన్నాను ఆ రోజు?"

ఆసెన్ మడిచిన చొక్కానే మళ్ళీ విప్పి మడిచాడు. "ఏమీ అనలేదు," అన్నాడు చివరికి. "నాన్న పోయారని ఏడుస్తూ వచ్చి నీతో ఏదో చెప్పుకుంటున్నాను. నువ్వు నా వంక చూస్తూ పిండి పిసుక్కుంటున్నావు. ఒక్కమాట పలకలేదు. రాయిలా. నాకు తిక్క రేగింది."

"తర్వాత నేను ఏడిస్తే క్షమించావు."

"క్షమించాను మరి," అన్నాడు ఆసెన్. అని తల దించుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెలిచ్కా చూసింది. ఇంకో రోజైతే లేచి వెళ్ళి తల నిమిరేది, నీ తప్పేముంది, నీకు మాత్రం ఏం తెలుసు అనేది. నిజంగానే అతని తప్పు ఎంతవరకో ఆమెకు తెలీదు. తెలీకపోవడం తప్పు కాదు కానీ, తెలుసుకోవాలని అనిపించకపోవడం ఏమవుతుందో ఆమె లోపల్లోపల తేల్చుకోలేకపోయింది. తీగలు ఆమెను మంచానికి కట్టేశాయి కాబట్టి లేవలేదు. తీగలు లేకపోయినా లేచేది కాదేమో.

సాయంత్రం గంచెవా వచ్చింది. వెలిచ్కా చేయించుకుంటానని చెప్పింది. ఒకటే అడిగింది, ఆపరేషన్ తర్వాత ఆ వాసన కూడా పోతుందా అని. ఫిట్స్‌తో వచ్చే వాసన పోవచ్చని, నిజంగా మిరపకాయలు కాలితే మాత్రం అందరికీ వచ్చినట్టే వస్తుందని డాక్టరు నవ్వింది. వెళ్ళేముందు, ఈసారి వాసన రాగానే ఎవరితోనూ చెప్పొద్దని, ముందు మీట నొక్కమని చెప్పింది. ఇస్క్రా వెంటే ఉండి గుడ్డ సర్దింది, రేపటికి కొత్తమాట ఇస్తున్నాను గుర్తుంచుకోండమ్మా, పచ్చ గొడుగు, అని చెప్పి డాక్టరు వెనకే వెళ్ళింది.

ఆసెన్ కొంచెం తేలికపడ్డట్టు కనిపించాడు. వాళ్ళు వెళ్ళాక కుర్చీలో వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. "సరేలే, చేయించుకో," అన్నాడు. "అమ్మకి నేను సర్దిచెప్తాను. ఒకందుకు మంచిదే. ఇకనైనా పిలిస్తే పలుకుతావు." ఆ మాట ప్రేమగానే అన్నాడు. అందుకే అది అంత లోతుగా దిగింది.

వెలిచ్కా గింజల సంచి మూతి ముడేసి అతని వైపు తోసింది. పొద్దుటి నుంచి ఒక్క గింజ కూడా ఏరలేదు. మీ అమ్మకిచ్చెయ్, ఏరలేదని చెప్పు, అంది. ఆసెన్ సంచి పట్టుకుని కాసేపు తటపటాయించి, కుర్చీ కింద పెట్టాడు. తర్వాత కాఫీ తెచ్చుకుంటానని లేచి తలుపు దాకా వెళ్ళాడు. వెలిచ్కా కిటికీ వైపు తిరిగింది. బయట మంచు కరిగి బురదగా ఉంది, ఎండిన చెట్టు కొమ్మ మీద ఒక కాకి రెక్కలు దులుపుకుంటోంది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చి చూసుకుంది. మందుల వాసన, దుప్పటికి సబ్బు వాసన. మిరపకాయల కమురు ఎక్కడా లేదు.

"నీకూ తెమ్మంటావా?" అన్నాడు ఆసెన్ తలుపు దగ్గర్నుంచి.

కాకి ఎగిరి పక్క కొమ్మ మీద వాలింది.

"వెలిచ్కా."

ఆమె కాకినే చూస్తోంది. గుండె దడదడ కొట్టుకోలేదు. దొంగతనంలా అనిపించలేదు.

"వెలిచ్కా, నీకే." అతని గొంతు మారింది. రెండంగల్లో మంచం దగ్గరికొచ్చి, వంగి ఆమె చేతుల వంక చూశాడు. అవి ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. మొహం చూశాడు, ఏమీ తెలీలేదు. ఇన్నేళ్ళ పెళ్ళిలో మొదటిసారి అతనికి భయమేసి, తడుముకుని మీట నొక్కాడు.

వసారాలో గంట మోగింది. ఇస్క్రా పరుగున వచ్చి వెలిచ్కా భుజం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. మీ పేరేంటమ్మా అని అడిగింది. "వెలిచ్కా" అంది. ఎక్కడున్నారు? ఆసుపత్రిలో. ఇందాక నేను చెప్పిన మాట? పచ్చ గొడుగు. ఇస్క్రా పెట్టె మీద గీతలు చూసింది. అవి మామూలుగా, నిదానంగా పోతున్నాయి. ఆమె ఆసెన్ వైపు తిరిగి, ఏమీ రాలేదే, అంది.

"పిలిస్తే పలకలేదు," అన్నాడు ఆసెన్. ఇంకా మీట వదల్లేదు. "ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు."

"వినబడలేదా అమ్మా?" అని అడిగింది ఇస్క్రా.

"వినబడింది," అంది వెలిచ్కా. "పలకాలనిపించలేదు."